మ్యూసెస్ షూ మీద గ్లిట్టర్ నిలబడట్లేదు, చేసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి

కొత్తగా_మెటైరీ

అందరికీ నమస్తే అండీ. మేం న్యూ ఆర్లీన్స్ పక్కన మెటైరీకి వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. ఆఫీసులో నా పక్క సీటు ఆవిడ క్రూ ఆఫ్ మ్యూసెస్‌లో రైడర్, క్రూ అంటే పెరేడ్ నడిపే క్లబ్, ఇక్కడి మార్డి గ్రా పండక్కి ముందొచ్చే గురువారం రాత్రి మొత్తం ఆడవాళ్ళ పెరేడ్ వెళ్తుంది కదా, అందులో ఫ్లోట్, అంటే అలంకరించిన బండి, ఎక్కి జనానికి పూసలు, కప్పులు, బొమ్మలు అన్నీ ఇస్తుంది. అన్నిట్లోకీ జనం ఎగబడేది మాత్రం చేత్తో గ్లిట్టర్ పెట్టి అలంకరించిన హీల్స్ కోసమేనట. జత ఇవ్వరు, ఒక్కటే ఇస్తారు, అది దొరికినవాళ్ళు ఇంటికి తీసుకెళ్ళి షోకేస్‌లో పెట్టుకుంటారు. ఆవిడ ఇంట్లో అలాంటివి వరసగా పెట్టి ఉంటే చూశాను, ఒకదాని మీద నీలం నుంచి ఆకుపచ్చకి మెల్లగా మారే గ్లిట్టర్, మడమ చుట్టూ చిన్న చిన్న ముత్యాలు, ఎంత బాగుందో చెప్పలేను.

నాకు చేతిపని ఇష్టమని ఆవిడకి తెలుసు, 2027 పెరేడ్‌కి కొన్ని నువ్వు చెయ్యి అని ఒక సంచీ నిండా పాత హీల్స్ ఇచ్చింది. ఇప్పుడు సమస్య ఏంటంటే తెల్ల జిగురు రాసి పైన గ్లిట్టర్ చల్లితే ఆరేదాకా బానే ఉంటోంది, ఆరాక చేత్తో పట్టుకుంటే చాలు అరచేతికి, సోఫాకి, పిల్లాడి జుట్టుకి అంతా అదే. ఒక నల్ల షూకి అయితే వేళ్ళ దగ్గర గ్లిట్టర్ పొర పొరగా లేచి వచ్చేస్తోంది, కింద ఉన్న నల్ల రంగుతో సహా ఊడుతోంది, అదేంటో అర్థం కావట్లేదు.

ఇంకో రెండు విషయాలు. ఒకటి, షూ మీద మన ముగ్గు వెయ్యాలని ఉంది, చుక్కల ముగ్గు, అది బాగుంటుందా, వాళ్ళకి అభ్యంతరం ఉంటుందా? రెండోది, మా అత్తగారు వీడియో కాల్‌లో చూసి కాళ్ళకేసుకునేవి జనం మీదకి విసరడం ఏంటమ్మా తప్పు కదా అన్నారు, నాకు సరిగ్గా చెప్పడం రాలేదు. అసలు ఈ షూ సంగతి తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్తే ఆవిడకీ చూపిస్తాను.

గంబో_గోంగూర

ముందు ఆ నల్ల షూ పక్కన పెట్టెయ్యండి, దాని మీద ఎంత పని చేసినా వృథానే. అది తోలు కాదు, పీయూ అంటారు, గుడ్డ మీద పలచగా ప్లాస్టిక్ పూత. ఆ పూత గాల్లో తేమ తగిలి ఏళ్ళు గడిచేకొద్దీ తనంతట తానే విరిగిపోతుంది, లూసియానా తేమలో అయితే ఇంకా తొందరగా. మీ జిగురు బానే పట్టుకుంది, పట్టుకున్నది కుళ్ళిన పూతని, అందుకే రంగుతో సహా ఊడుతోంది. సంచీలో ఉన్న ప్రతి షూనీ వేళ్ళు మడిచేచోట గోరుతో గీకి చూడండి, పెచ్చులు లేస్తే పక్కకి, లేవకపోతే పనికొస్తుంది. శాటిన్, కాన్వాస్, నిజమైన తోలు, ఇవి మంచివి. స్వెడ్ జిగురంతా తాగేస్తుంది కాబట్టి ముందు ఒక పూత గెస్సో, అంటే రంగుకి ముందు వేసే పునాది పూత, వెయ్యాలి. అద్దంలా మెరిసే పేటెంట్ హీల్స్ చూడ్డానికి గట్టిగా ఉంటాయి గానీ జిగురు జారిపోతుంది, సన్న గరుకు కాగితం, 220 నంబరుది, తీసుకుని మెరుపు పోయేదాకా రుద్దాలి.

నా అభిప్రాయంలో ఈ పనిలో సగం పైన గ్లిట్టర్ డబ్బా మూత తియ్యకముందే అయిపోతుంది. రుద్దాక రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడవండి, పాత పాలిష్, చేతి జిడ్డు, సిలికోన్ స్ప్రే ఏమున్నా పోవాలి. తర్వాత ఏ రంగు గ్లిట్టర్ వేస్తారో అదే రంగు యాక్రిలిక్ పెయింట్ ఒక పూత, ఊదా గ్లిట్టర్ కింద ఊదా, బంగారు కింద ఆవాల పసుపు. ఇది ఎందుకంటే గ్లిట్టర్ ఎంత ఒత్తుగా చల్లినా రేణువుల మధ్య సందులు ఉంటాయి, కింద తెలుపో నలుపో కనపడితే మొత్తం మాసినట్టు కనపడుతుంది, కింద రంగు కలిస్తే సగం గ్లిట్టర్‌తోనే నిండుగా ఉంటుంది.

జిగురు మాడ్ పాడ్జ్ వాడండి, అది కూడా మీ తెల్ల జిగురు లాంటి పీవీఏ రకమే కానీ పైపూతగా కూడా పనిచేస్తుంది. మొత్తం షూకి ఒకేసారి రాయకండి, అరచెయ్యంత భాగం రాసి, చల్లి, మళ్ళీ పక్కది. కింద మధ్యలో మడత పెట్టిన కాగితం ఉంచితే రాలింది తిరిగి డబ్బాలోకి పోసుకోవచ్చు. చల్లాక వేలితో, పైన కాగితం పెట్టి, మెల్లగా అదమండి, ఇది చాలామంది చెయ్యరు, రేణువులు నిలువుగా నిలబడి ఉంటాయి, వాటి అంచే జిగురులో ఉంటుంది, అవే రాలేవి. ఆరాక మెత్తటి బ్రష్‌తో వదులుగా ఉన్నదంతా దులిపెయ్యండి, దులిపాక రెండో పొర. ఒక్క మందపాటి పొర కన్నా రెండు పలచటివి ఎప్పుడూ మేలు.

ఇక రాలకుండా ఆపేది చివర వేసే పైపూత, మీరు చెప్పినదాన్ని బట్టి అదే తక్కువైంది. పలచగా చేసిన మాడ్ పాడ్జ్‌ని బ్రష్‌తో లాగకూడదు, లాగితే గ్లిట్టర్ బ్రష్‌కే వస్తుంది, అద్దుతూ పోవాలి. మొదటి పూత వేసినప్పుడు పాలలాగా తెల్లగా కనపడి గుండె ఆగినంత పనవుతుంది, ఆరితే మళ్ళీ మెరుపు వస్తుంది, కంగారు పడకండి. అది ఆరాక ఇంకో పూత. స్ప్రే సీలర్ వాడేవాళ్ళు కూడా ఉన్నారు, ఆ పని ఇంటి బయటే చెయ్యాలి, పైగా చవక రకం గ్లిట్టర్‌కి ఆ స్ప్రేలో ఉన్న ద్రావకం తగిలితే రంగు దిగిపోయి వెండిలా అయిపోతుంది, పాలియెస్టర్ గ్లిట్టర్ అయితే తట్టుకుంటుంది. ముందు ఒక అట్టముక్క మీద చేసి చూసుకోండి.

నోలా_వరంగల్

పైన అన్న మంచిగ చెప్పిండు. నేను రాళ్ళు, ముత్యాల సంగతి చెప్తా. చాలామంది గ్లూ గన్ పట్టుకుంటరు, ఎందుకంటే జల్దీ అయితది. కానీ హాట్ గ్లూ నున్నటి దాని మీద పట్టదు, చల్లారినంక గోరు పెడితే బిళ్ళ లెక్క ఊడొస్తది. ఎండాకాలం గరాజ్‌లనో అటిక్‌లనో పెడితే మెత్తవడి రాళ్ళన్నీ కిందికి జారుతయ్. ఇక్కడ జూలై ఆగస్టుల గరాజ్ ఎట్లుంటదో నీకే తెలుస్తది అక్కా. ఈ-6000 అని జిగురు ట్యూబ్ దొరుకుతది, అది వాడు. పట్టుకోవడానికి కొద్ది నిమిషాలు, పూర్తిగ గట్టివడాలంటే ఒకటి నుంచి మూడు రోజులు. వాసన చాన ఘాటు, కిటికీలు తెరిచి, పిల్లలు లేని రూంల పెట్టుకో, చేతులకు గ్లవ్స్ ఏసుకో. వాసన పడదంటే జెమ్-టాక్ అని నీళ్ళ రకం ఉంటది, చిన్న రాళ్ళకు సరిపోతది, పెద్ద బొమ్మలకు అది ఆగదు.

ఈకలు, బొమ్మలు, పెద్ద పెద్ద పూలు వద్దు అని నా మాట. పెరేడ్‌ల ఆ షూ మీది నుంచి కిందికి ఒక చెయ్యి నుంచి ఇంకో చేతికి పోవాలె, చుట్టూ పది చేతులు గుంజుతయ్, దొరికినామె దాన్ని సంచిల వెట్టుకొని ఇంకో మూడు గంటలు నిలవడతది. అంత అయినంక గూడ మంచిగుండాలె. మీదికి లేచి ఉన్నది ఏదైనా మొదలు అదే ఇరుగుతది.

గాజు గ్లిట్టర్ అని అమ్ముతరు, పాతకాలం మెరుపు ఉంటది, అది అసలే వద్దు, చేతులు కోసుకపోతయ్.

సెయింట్_చార్లెస్_చింతచెట్టు

నోలా_వరంగల్ గారూ, ఈకల విషయంలో నేను ఒప్పుకోను. మడమ వెనక అంచుకి చిన్న బోవా ముక్క, అంటే ఈకల దండ ముక్క, చుట్టి లోపలివైపు ఈ-6000తో అంటించి, ఊడకుండా నాలుగు కుట్లు వేస్తే ఎన్నేళ్ళయినా ఉంటుంది, మా ఇంట్లో ఉన్నదానికి ఇప్పటికీ ఒక్క ఈక ఊడలేదు. రాత్రి పెరేడ్ కదా, ఫ్లోట్ మీద లైట్లలో ఈక కదిలితే దూరం నుంచే కళ్ళు అటు తిరుగుతాయి. బరువుగా ఉండే ప్లాస్టిక్ బొమ్మలు వద్దు అన్నది మాత్రం ముమ్మాటికీ నిజం.

కొత్తగా_మెటైరీ గారు, మీ అత్తగారికి ముందు ఇది చెప్పండి, షూని మనుషుల మీదకి విసరరు. పూసలు విసురుతారు, షూ మాత్రం చేతికి ఇస్తారు. రైడర్ గుంపులో ఒకరిని ఎంచుకుని, వేలు చూపించి, నీకే అని కళ్ళతో చెప్పి, వాళ్ళు దగ్గరికొచ్చాక అందిస్తుంది. సన్న మడమ ఉన్న షూ పైనుంచి పడితే తల పగులుతుంది, అందుకే ఆ జాగ్రత్త. వేసుకునే వస్తువుగా దాన్ని ఎవ్వరూ చూడరు, అలంకరించాక అది ఇంక బొమ్మే.

ఇలా ఒక్కో క్రూకి ఒక్కో చేతిపని వస్తువు ఉండటం ఈ ఊరి పద్ధతి. అన్నిటికన్నా పాతది జూలూ వాళ్ళ కొబ్బరికాయ, జూలూ సోషల్ ఎయిడ్ అండ్ ప్లెజర్ క్లబ్ అని నల్లజాతివాళ్ళ క్లబ్, 1909 నుంచి మార్డి గ్రా రోజున నడుస్తున్నారు, కొబ్బరికాయలు ఇవ్వడం 1910 నాటికే ఉందంటారు. మొదట్లో పీచుతో అలాగే ఇచ్చేవాళ్ళు, తర్వాత గీకి బంగారు రంగు వెయ్యడం, ముఖాలు గియ్యడం, ఇప్పుడు గ్లిట్టర్. అవి తగిలి దెబ్బలయ్యాయని కేసులు పడి 1987లో ఇన్సూరెన్స్ దొరక్క కాయలు ఆగిపోయాయి, ఆ తర్వాత ఏకంగా రాష్ట్ర చట్టమే వచ్చింది, చేతికి అందించిన కొబ్బరికాయ వల్ల దెబ్బ తగిలితే క్లబ్బుది బాధ్యత కాదని. కొబ్బరికాయ కోసం చట్టం చేసిన ఊరండీ ఇది, మన కొబ్బరికాయ ఎక్కడెక్కడ ఏ గౌరవం అందుకుందో చూడండి, ఆ మాట అత్తగారికి తప్పక చెప్పండి.

మ్యూసెస్ వాళ్ళు 2000లో మొదలుపెట్టారు, మొదటి పెరేడ్ 2001లో. గ్రీకు పురాణాల్లో జ్యూస్ దేవుడికి తొమ్మిది మంది కూతుళ్ళు, కవిత్వం, నాట్యం, సంగీతం ఇలా తలా ఒక కళకి దేవతలు, వాళ్ళ పేరే మ్యూసెస్. సెయింట్ చార్లెస్ అవెన్యూ మీద పెరేడ్ డౌన్‌టౌన్ వైపు వెళ్తుంటే అడ్డంగా వచ్చే వీధుల పేర్లు చూడండి, యుటర్పీ, టెర్ప్సికోర్, మెల్పొమినీ, థాలియా, ఎరాటో, క్లయో, ఇవన్నీ ఆ అక్కచెల్లెళ్ళవే. ఫ్లోట్లలో లైట్లతో వెలిగే పెద్ద హీల్ షూ ఒకటి ఉంటుంది, అది వచ్చిందంటే జనం అరుపులకి చెవులు మూసుకోవాలి. తర్వాత తర్వాత వేరే క్రూలు కూడా తమ తమ వస్తువు పెట్టుకున్నాయి, నిక్స్ వాళ్ళు పర్సులు, ఐరిస్ వాళ్ళు కళ్ళజోళ్ళు, టక్స్ వాళ్ళు బాత్రూం ప్లంజర్లు, క్యారల్టన్ వాళ్ళు రొయ్యలు పట్టేవాళ్ళు వేసుకునే తెల్ల రబ్బరు బూట్లు, ఫెమ్ ఫటాల్ వాళ్ళు చిన్న అద్దం కాంపాక్ట్‌లు. ఐరిస్ అయితే 1917 నుంచి ఉన్న ఆడవాళ్ళ క్రూ.

నాకు ఈ చేతిపని వస్తువులంటే ఇంత ప్రేమ ఎందుకంటే, మిగతావన్నీ పెరేడ్ అయ్యాక రోడ్డు మీదే ఉండిపోతాయి. సెయింట్ చార్లెస్ మీద ఓ అయిదు బ్లాకుల డ్రైన్లు శుభ్రం చేస్తే 93,000 పౌండ్ల పూసలు బయటికొచ్చాయని 2018లో సిటీ వాళ్ళే చెప్పారు, అంటే 42 టన్నుల పైన. అందులో షూ ఒక్కటైనా ఉండి ఉంటుందని నేను అనుకోను. ఎవరో కూర్చుని ఓపిగ్గా చేసినదాన్ని ఎవరూ పారెయ్యరు. అందుకే గ్లిట్టర్ రాలే షూ చెయ్యొద్దు అని పైన ఇద్దరూ అంత గట్టిగా చెప్తున్నది, తక్కువ చెయ్యండి, నిలిచేవి చెయ్యండి.

డాలస్_నుంచి_సుధ

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, నేను ఈ పెరేడ్ చూడలేదు, చదువుతుంటే వెళ్ళాలని ఉంది. ఒక డౌటు, గ్లిట్టర్ అంటే ప్లాస్టిక్కే కదా? డ్రైన్ల గురించి బాధపడుతూ మళ్ళీ గ్లిట్టర్ వాడటం ఏంటి?

గంబో_గోంగూర

మంచి ప్రశ్న సుధ గారూ. అవును, మామూలు గ్లిట్టర్ పాలియెస్టర్ ఫిల్మే, దాని మీద పలచటి అల్యూమినియం పూత, పైన రంగు, దాన్ని ముక్కలుగా కత్తిరిస్తారు. సెల్యులోజ్‌తో చేసినది దొరుకుతుంది, చెక్కగుజ్జు నుంచి వచ్చే రకం, ధర ఎక్కువే, మెరుపు కాస్త మెత్తగా ఉంటుంది. దాన్ని వాడేటప్పుడు ఒక్కటి గమనించాలి, నీళ్ళ జిగురులో ఎక్కువసేపు నానితే కొన్ని రకాలు ముడుచుకుపోతాయి, కాబట్టి పలచటి పూతలు, ఫ్యాన్ కింద త్వరగా ఆరబెట్టడం. మైకా పొడి కూడా ఉంది, అది ఖనిజం, గ్లిట్టర్‌లా తళుక్కుమనదు, పట్టుచీర అంచులా నిగనిగలాడుతుంది, నాకు ఊదా మీద అదే ఇష్టం.

ఏది వాడినా బ్రష్‌లు, ట్రేలు సింకులో కడగకండి. తడి పేపర్ టవల్‌తో తుడిచి చెత్తలో వెయ్యండి. షూకి అంటుకుని పైపూత కింద ఉండిపోయిన గ్లిట్టర్‌తో నష్టం లేదు, రాలి నీళ్ళలోకి వెళ్ళేదానితోనే. ఇంకో మాట, క్రాఫ్ట్ గ్లిట్టర్ ముఖానికి రాసుకునే రకం కాదు, అంచులు పదును, కంట్లో పడితే గీరుకుంటుంది, మెటైరీ గారు మీ పిల్లాడి జుట్టులో పడిందన్నారు, వాడు నిద్రపోయాక పని పెట్టుకోండి.

చుక్కలూ_గీతలూ

ముగ్గు గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను, ఎందుకంటే ఇది చదవగానే నాకు చేతులు ఆగలేదు.

ముగ్గు తప్పకుండా వెయ్యండి. కాకపోతే నేల చదునుగా ఉంటుంది, షూ అలా కాదు, నేల మీద వేసినట్టు ఒక మూల నుంచి చుక్కలు మొదలుపెడితే పక్కలకి వచ్చేసరికి వంకర తిరిగి వరసలు కలవవు. వేళ్ళ మీద భాగం మధ్యలో, పైన అంచు నుంచి ముందు కొసదాకా పెన్సిల్‌తో ఒక నిలువు గీత గీసుకుని, ఆ గీత మీద నడిమి చుక్కలు పెట్టి, అక్కడి నుంచి రెండువైపులకీ సమానంగా వెళ్ళాలి. పెద్ద ముగ్గులు వద్దు, 5 చుక్కలు 3 వరకు సందు చుక్క లాంటిది చాలు, కొస దగ్గర సన్నబడుతుంది కాబట్టి ఆ ఆకారానికి అది సరిగ్గా కూర్చుంటుంది. చుక్కలకి చదునైన వెనకభాగం ఉన్న చిన్న రాళ్ళు, గీతలకి ఆరాక కూడా ఉబ్బెత్తుగా నిలిచే డైమెన్షనల్ పెయింట్, సన్న మూతి ఉన్న సీసా. ఆ పెయింట్ గ్లిట్టర్ మీద నేరుగా వేస్తే గరుకు మీద పాకి గీత పళ్ళు పళ్ళుగా వస్తుంది, కాబట్టి ముందు గ్లిట్టర్, పైపూతలు, అది పూర్తిగా ఆరాక ముగ్గు, ముగ్గు మీద మళ్ళీ ఒక పలచటి పూత.

చుక్కలు కలిపే ముగ్గు కన్నా చుక్కల చుట్టూ తిరిగే మెలిక ముగ్గు షూ మీద ఎక్కువ అందంగా ఉంటుందని నా నమ్మకం, గీత ఎక్కడా తెగకుండా వేళ్ళ మీద నుంచి పక్కలకి, పక్కల నుంచి మడమ వెనక్కి తిప్పి తీసుకురావచ్చు. చెయ్యి వణక్కుండా ఉండాలంటే షూలో కాగితం గట్టిగా కూరి, కాళ్ళ మధ్య పెట్టుకుని, షూని తిప్పుతూ గియ్యండి, చేతిని తిప్పకండి. రంగులు మాత్రం వాళ్ళవి పెట్టండి, ఊదా, ఆకుపచ్చ, బంగారు, ఊరు మొత్తం ఆ మూడు రంగులే, ఊదా న్యాయానికి, ఆకుపచ్చ విశ్వాసానికి, బంగారు అధికారానికి అంటారు. ఊదా మీద తెల్ల ముగ్గు ఊహించుకోండి, చుక్కలకి బంగారు రాళ్ళు.

వాళ్ళు ఏమంటారో అన్న బెంగ వద్దు. అక్కడ షూ మీద ఎవరికి నచ్చింది వాళ్ళు పెడతారు, రొయ్యలు, పుస్తకాలు, వాళ్ళ కుక్క బొమ్మ. అయినా మీ ఫ్రెండ్‌ని ఒక మాట అడగండి, పైన ఉండి ఇచ్చేది ఆవిడ కాబట్టి.

కొత్తగా_మెటైరీ

అందరికీ ఎంత థ్యాంక్స్ చెప్పినా తక్కువే. గోరు పరీక్ష చేశాను, సంచీలో సగం పైన పీయూవే వచ్చాయి, అవి పక్కన పెట్టేశాను, మిగిలినవాటిలో ఒక శాటిన్ జత చాలా బాగుంది. కాగితం పెట్టి అదమడం, పైపూత అద్దడం రెండూ చేశాను, ఇప్పుడు అరచెయ్యితో రుద్దినా ఒకటీ అరా తప్ప రాలట్లేదు! అత్తగారికి కొబ్బరికాయ చట్టం చదివి వినిపిస్తే ఆవిడే ఇప్పుడు ఏ ముగ్గు వెయ్యాలో కాగితం మీద వేసి ఫోటోలు పంపుతున్నారు. మెలిక ముగ్గే ఖాయం.

ఇంకా అడగాల్సినవి. షూ లోపల, అడుగున ఏం చెయ్యాలి? ఎప్పటికి పూర్తి చేసి ఇవ్వాలి? పెరేడ్‌లో మేం ఎక్కడ నిలబడితే ఆవిడ మాకు కనపడుతుంది?

నోలా_వరంగల్

అక్కా అడుగు భాగం గూడ రంగెయ్యి, షెల్ఫ్ మీద వెట్టినంక జనం తిప్పి చూస్తరు, మాసిన అడుగు కనవడితే మనసు పాడయితది. లోపల పాత ఇన్‌సోల్ మీద ఫెల్ట్ గుడ్డ కోసి అంటించు, దాని మీద పెరేడ్ సంవత్సరం రాసే జాగ ఇడువు. కొందరు సంవత్సరం వద్దంటరు, నేనైతే ఉండాలె అంట, ఇరవై ఏండ్లయినంక ఇది ఏ ఏడుది అని అడిగితే జవాబు ఉండాలె గదా. సన్న మడమ కొసకు ఇనుప మొల బయటికొచ్చి ఉంటే దానికి రబ్బరు తొడుగు పెట్టు.

నిలవడే సంగతి, ఆమె ఫ్లోట్ నంబరు, ఏ వైపు, కింది వరసనా మీది వరసనా, ఈ మూడు అడిగి పెట్టుకో. ఇక్కడ రోడ్డు నడుమ గడ్డి దిక్కును న్యూట్రల్ గ్రౌండ్ సైడ్ అంటరు, ఇండ్ల దిక్కు సైడ్‌వాక్ సైడ్. తప్పు దిక్కు నిలవడితే ఎంత అరిచినా ఆమెకు కనవడవు. రైడర్లందరికీ మాస్క్ ఉంటది, సిటీ రూలే అది, ముఖం చూసి గుర్తువట్టలేవు, గందుకే నువ్వే బోర్డు పట్టుకోవాలె, పెద్ద అక్షరాలు, ఆమె పేరు, చుట్టూ లైట్లు. అట్లనే పెరేడ్‌ల మొదటి గంట ఉండే దగ్గర, నెపోలియన్ అవెన్యూ మూల దాపుల నిలవడితే రైడర్ల సంచుల షూలు ఇంకా మిగిలే ఉంటయ్. పిల్లగానికి నిచ్చెన తెస్తే కర్బ్ నుంచి 6 అడుగులు ఎనక్కి పెట్టాలె.

సెయింట్_చార్లెస్_చింతచెట్టు

నెపోలియన్ దగ్గర జనం కూడా అంతే ఎక్కువ, పిల్లాడితో అయితే ఇంకాస్త ముందుకొచ్చి సెయింట్ చార్లెస్ మీద చెట్ల కింద నిలబడమంటాను. ఫ్రెండ్ మీ కోసం ఒకటి దాచి ఉంచుతుంది లెండి, పక్కనున్నవాళ్ళకి దొరికేది చూడటం ఇంకా బాగుంటుంది. మీరు చేసిన షూ అదే రాత్రి ఎవరి చేతికో వెళ్తుంది, వీలైతే ఆవిడ పక్కన ఉండే రైడర్‌ని ఒక ఫోటో తియ్యమని అడగండి.

ఇంట్లో పేరుకునే పూసలు దాచుకోనక్కర్లేదు, మెటైరీలోనే ఆర్క్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళ రీసైకిల్ సెంటర్ ఉంది, మీకు దగ్గరే, తీసుకుంటారు. ఖాళీ దొరికితే జాక్సన్ స్క్వేర్ పక్కన ప్రెస్బిటేర్ మ్యూజియంలో మార్డి గ్రా గదులు చూసి రండి, పాత గౌన్లు, కిరీటాల మీద రాళ్ళు కుట్టిన తీరు చూస్తే షూకి బోలెడు ఆలోచనలు వస్తాయి.

గంబో_గోంగూర

ఎప్పటికి ఇవ్వాలి అన్నదానికి లెక్క చెప్తాను. 2027లో మార్డి గ్రా ఫిబ్రవరి 9, మ్యూసెస్ దానికి ముందు గురువారం కాబట్టి ఫిబ్రవరి 4. ఈసారి సీజన్ చిన్నది, సీజన్ మొదలయ్యే జనవరి 6న కింగ్ కేక్ (పండగ కేకు) కోసిన రోజు నుంచి 34 రోజులే. మాడ్ పాడ్జ్ గంటలో ఆరినట్టు అనిపిస్తుంది గానీ పూర్తిగా గట్టిపడటానికి నాలుగు వారాలు అని డబ్బా మీదే రాసి ఉంటుంది. ఆ లోపు కవర్లో చుట్టి పెడితే కవరు షూకి అతుక్కుని, తీసేటప్పుడు గ్లిట్టర్‌ని తీసుకుపోతుంది. అంటే ఆఖరి పూత జనవరి 6 లోపు పడిపోవాలి. వానరోజు పైపూత వెయ్యకండి, ఏసీ గదిలో ఫ్యాన్ పెట్టి వెయ్యండి, ఇక్కడి తేమకి రోజంతా అంటుకుంటూనే ఉంటుంది.

గట్టిపడ్డాక ఒక్కో షూని పలచటి టిష్యూలో చుట్టి విడివిడి సంచుల్లో పెట్టండి, ఒకదాని మడమ ఇంకోదాన్ని గీకకుండా. ముగ్గు వేసినవి మాత్రం పెట్టెలో పై వరసలో పెట్టండి, డైమెన్షనల్ పెయింట్ గీతలు బరువు పడితే అణిగిపోతాయి. అన్నట్టు ఆ శాటిన్ జత, రెండిటికీ ఒకే ముగ్గు వేస్తున్నారా, వేరు వేరా? ఒకే ముగ్గు అయితే ఊరి రెండు చివర్ల ఇద్దరి దగ్గర చెరొకటి ఉంటుంది, నేనైతే ఒకే ముగ్గు వేస్తాను.

కొత్తగా_మెటైరీ

ఒకే ముగ్గు. ఒకదానికి ఊదా మీద తెలుపు, రెండోదానికి ఆకుపచ్చ మీద తెలుపు. ఈ శనివారం గరుకు కాగితం, గెస్సో తెచ్చి మిగతావి మొదలుపెడతాను, ఫోటోలు ఇక్కడే పెడతాను.